జిన్-రోలోని జర్మన్ తుపాకులు నిజమైనవేనా? ఎంజీ42ని నిలబడి కాల్చగలరా?

అడిగినవారి సందేహం క్లుప్తంగా ఇది. 1999 నాటి జపనీస్ యానిమేషన్ సినిమా జిన్-రోలో టోక్యో పోలీసుల ప్రత్యేక దళం ఒళ్లంతా కవచం తొడుక్కుని, జర్మన్ ఎంజీ42 మెషీన్ గన్లు చేతబట్టుకుని తిరుగుతుంది. స్టుర్మ్‌గెవేర్ 44 రైఫిల్, మౌజర్ సీ96 పిస్టల్ కూడా కనిపిస్తాయి. ఇవి నిజంగా ఉన్న తుపాకులా, కల్పించినవా? జపాన్ పోలీసుల చేతికి జర్మన్ ఆయుధాలు ఎలా వచ్చాయి? అంత పెద్ద మెషీన్ గన్‌ను ఒక్క మనిషి నిలబడి కాల్చడం అయ్యే పనేనా? 1890ల నాటి పిస్టల్ 1950ల కథలో ఎందుకుంది?

ముందు సూటిగా జవాబు. మూడు తుపాకులూ నిజమైనవే. ఎంజీ42ని నిలబడి కాల్చవచ్చు గానీ ఒక్కసారికి కొద్ది తూటాల చొప్పున చిన్న చిన్న బరస్టులే కాల్చగలరు. గురి నిలవదు, తూటాలు నిమిషం కూడా రావు. జర్మన్ ఆయుధాలు అక్కడ ఉండటానికి కారణం ఆ కథ నడిచే ప్రపంచమే. అందులో యుద్ధం తర్వాత జపాన్‌ను ఆక్రమించింది అమెరికా కాదు, జర్మనీ. సినిమా ఈ సంగతి మీద పెద్దగా మాటలు ఖర్చుపెట్టదు, తుపాకులతోనే చెబుతుంది. ఇక మౌజర్ ఒక్కటే కాస్త ఆలోచించాల్సిన విషయం.

నేను సైన్యంలో ఈఎంఈ (యంత్రాలు, ఆయుధాల మరమ్మతు చూసే విభాగం) ఆర్మరర్‌గా పనిచేసి రిటైరయ్యాను. ఎస్ఎల్ఆర్, 9 ఎంఎం కార్బైన్, ఎల్ఎంజీ (తేలికపాటి మెషీన్ గన్), ఎంఎంజీ (మధ్యరకం మెషీన్ గన్) విప్పి బిగించడమే నా ఉద్యోగం. మన ఎంఎంజీ అంటే బెల్జియం వాళ్లు 1950లలో రూపొందించిన ఎఫ్ఎన్ మ్యాగ్. దానికి బెల్టును లోపలికి లాగే ఏర్పాటు ఎంజీ42 నుంచే తీసుకున్నారు. పై కవర్ ఎత్తి చూస్తే ఆ చుట్టరికం కనబడుతుంది. అందుకే ఈ సినిమా చూసినప్పుడు నా కళ్లు మనుషుల కంటే ముందు ఫీడ్ కవర్ మీదికి పోయాయి. అది గీసినవాళ్లు అసలు తుపాకిని దగ్గర పెట్టుకుని గీశారనిపించింది.

ముందు తూటా ఎక్కడిదో అడగాలి

ఇలాంటి కథలు చూసేటప్పుడు అందరూ తుపాకి పేరు అడుగుతారు. కోత్‌లో, అంటే ఆయుధాలు దాచే గదిలో పనిచేసినవాడు మాత్రం దాని తూటా ఎక్కడ తయారవుతోందని అడుగుతాడు. తుపాకిని ఎక్కడి నుంచైనా తెచ్చుకోవచ్చు, యాభై ఏళ్లు వాడుకోవచ్చు. తూటాలు మాత్రం ప్రతి ఏడూ కావాలి, శిక్షణకే లక్షల్లో ఖర్చవుతాయి. ఏ దేశం తూటా మన ఫ్యాక్టరీలో తయారవుతోందో ఆ దేశం నీడ మన మీద ఇంకా ఉందన్నమాట.

మనకిది పరాయి విషయమేమీ కాదు. బ్రిటిష్ వాళ్లు 1947లో వెళ్లిపోయారు, వాళ్ల త్రీనాట్‌త్రీ మాత్రం మన పోలీస్ స్టేషన్లలో దశాబ్దాల పాటు ఉండిపోయింది. ఇషాపూర్‌లో ఆ రైఫిళ్లు చేసే యంత్రాలుండేవి, కిర్కీలో తూటాలు తయారయ్యేవి, కానిస్టేబుల్ శిక్షణ మొత్తం దాని మీదే. అంత వ్యవస్థను ఒక్క రోజులో ఎవరు మారుస్తారు?

అసలు చరిత్రలో జపాన్ సంగతీ అంతే. 1945 నుంచి 1952 దాకా అమెరికన్ల ఆక్రమణలో ఉంది. 1950లో కొరియా యుద్ధం మొదలవగానే ఆక్రమణ సేనల అధిపతి అయిన అమెరికన్ జనరల్ మెక్ఆర్థర్ ఆదేశంతో 75,000 మందితో జాతీయ పోలీస్ రిజర్వ్ ఏర్పడింది. వాళ్ల చేతికి వచ్చినవి అమెరికన్ ఎం1 కార్బైన్లు, తర్వాత ఎం1 గరాండ్ రైఫిళ్లు. ఆ దళమే 1954లో ఆత్మరక్షణ దళాలుగా మారింది. సినిమా చేసిందల్లా ఆక్రమించిన సైన్యాన్ని మార్చడం. గరాండ్ ఉండాల్సిన చోట జర్మన్ ఆయుధం వచ్చింది, రోడ్ల మీద జర్మన్ కార్లు వచ్చాయి. మిగతా తర్కం అంతా అసలు చరిత్రదే.

జర్మనీ నిజంగానే ఆక్రమించిన ఒక దేశాన్ని చూస్తే ఈ ఊహ ఎంత సహజమో తెలుస్తుంది. 1940 నుంచి 1945 దాకా నార్వే జర్మన్ల కింద ఉంది. వాళ్లు లొంగిపోయినప్పుడు కేఏఆర్98కే రైఫిళ్లు, మెషీన్ గన్లు గుట్టలుగా అక్కడే మిగిలిపోయాయి. నార్వే వాటిని పారెయ్యలేదు. చాలా రైఫిళ్లకు బారెల్ మార్చి అమెరికన్ .30-06 తూటాకు సరిపోయేలా చేసుకుంది, దశాబ్దాల పాటు హోమ్ గార్డులకు ఇచ్చింది. తుపాకి జర్మనీది, తూటా అమెరికాది. ఆ దేశం ఎవరి కింద ఉండి ఎవరి పక్షాన చేరిందో ఆ ఒక్క రైఫిలే చెబుతుంది. జిన్-రో ప్రపంచంలో ఆ రెండో అడుగు జరగలేదు.

ఎంజీ42 ఎలాంటి తుపాకి

దీన్ని రూపొందించినవాడు వెర్నర్ గ్రూనర్. డోబెల్న్ పట్టణంలోని గ్రోస్‌ఫుస్ అనే కంపెనీలో ఇంజినీరు. ఆ కంపెనీ రేకు సామాన్లు చేసేది, ఆయుధాల అనుభవం లేదు. అదే కలిసొచ్చింది. అంతకు ముందున్న ఎంజీ34 భాగాలన్నీ ఉక్కు దిమ్మల్ని చెక్కి చేసేవి, ఖరీదు ఎక్కువ, మట్టి పడితే మొరాయించేది. గ్రూనర్ రేకును ప్రెస్సులో అచ్చు గుద్ది, వెల్డింగ్ చేసి తుపాకి శరీరం తయారుచేశాడు. పని గంటలు సుమారు సగానికి తగ్గాయి. 1942లో సైన్యంలో చేరింది, యుద్ధం ముగిసేలోపు 4 లక్షలకు పైగా తయారయ్యాయి.

బరువు పదకొండున్నర కిలోలు, పొడవు 122 సెంటీమీటర్లు. తూటా 7.92×57 ఎంఎం, అంటే పూర్తి శక్తి గల రైఫిల్ తూటా. వేగం నిమిషానికి 1200, ఒక్కోసారి 1500 దాకా. సెకనుకు 20 తూటాలు. చెవికి విడివిడి పేలుళ్లు వినబడవు, కోరా గుడ్డను ఒక్క లాగులో చించినట్టు ఉంటుంది. 50 తూటాల బెల్టు రెండున్నర సెకన్లలో అయిపోతుంది.

యానిమేషన్ వాళ్లకు ఇక్కడో ఇబ్బంది ఉంది. సినిమా సెకనుకు 24 ఫ్రేములు. జపాన్ యానిమేషన్‌లో చాలా చోట్ల ఒక బొమ్మను రెండు మూడు ఫ్రేముల పాటు ఉంచుతారు, అంటే సెకనుకు 8 నుంచి 12 బొమ్మలు. ఆ లెక్కన ఎంజీ42 పేల్చే ప్రతి తూటాకూ ఒక మంట గీయడం కుదరదు. మంట వెలిగి ఆరడం చూపితే అది నెమ్మదైన తుపాకిలా కనిపిస్తుంది. ఆగకుండా మంట చూపితేనే నిజానికి దగ్గర. ఇలాంటి సన్నివేశం ఎప్పుడు చూసినా ముందు ఈ ఒక్క విషయం గమనించండి, గీసినవాళ్లకు తుపాకి తెలుసో లేదో అర్థమవుతుంది.

నిలబడి కాల్చడం సంగతి

లెక్క వేద్దాం. ఆ తూటా మొన బరువు 12.8 గ్రాములు, వేగం సెకనుకు సుమారు 755 మీటర్లు. సెకనుకు 20 చొప్పున పోతుంటే, తూటాల వల్లనే మనిషిని వెనక్కి నెట్టే సగటు బలం సుమారు 20 కిలోల బరువుకు సమానం. మూతి నుంచి వచ్చే వాయువుల తోపు కలిపితే ఇంకా పెరుగుతుంది. అదే మన ఎల్ఎంజీకి మూలమైన పాత .303 బ్రెన్ గన్ నిమిషానికి 500 తూటాలే కాలుస్తుంది కాబట్టి దాని తోపు 7 కిలోల చుట్టుపక్కలే. ఎల్ఎంజీని స్లింగ్ (పట్టీ) భుజాన వేసుకుని నడుము దగ్గర పట్టి, ముందుకు నడుస్తూ కాల్చడం సైన్యంలో నేర్పేది అందుకే. దానితో కుదురుతుంది.

మా రేంజ్‌లో ఎంఎంజీని అలా పట్టుకుని కాల్చినవాళ్లను చూశాను. బాగా బలిష్ఠులు. మొదటి రెండు మూడు తూటాలు లక్ష్యం దగ్గర పడతాయి, ఆ తర్వాత మూతి పైకి లేచి పక్కకు పోతుంది. ఎంఎంజీ వేగం నిమిషానికి 750 చుట్టూ. ఎంజీ42 దానికి ఒకటిన్నర రెట్లు. జర్మన్ సైనికులు కూడా తప్పనిసరైతే నడుము దగ్గర పట్టి కాల్చారు, లేదా ముందున్న తోటివాడి భుజం మీద బైపాడ్ (ముందుండే రెండు కాళ్ల స్టాండ్) ఆనించి కాల్చారు. ఆ తోటివాడి చెవుల గతి చెప్పక్కర్లేదు. మామూలుగా అయితే నేల మీద పడుకుని బైపాడ్ మీద, లేదంటే మూడు కాళ్ల స్టాండ్ మీద.

సినిమాలో కవచం వల్ల ఒక లాభం ఉంది. కాల్చేవాడు ఎంత బరువుంటే తోపుకు అంత తక్కువ కదులుతాడు. పైగా వాళ్లు కాల్చేది భూగర్భ కాలువల్లో, పది ఇరవై మీటర్ల దూరంలో. ఆ ఇరుకులో గురి పెద్దగా అక్కర్లేదు. కాబట్టి ఆ సన్నివేశాలు అసాధ్యం అనను.

అసలు చిక్కు వేరే రెండు చోట్ల ఉంది.

ఒకటి, తూటాల బరువు. ఒక్కో తూటా కేసుతో సహా సుమారు 27 గ్రాములు. వెయ్యి తూటాలంటే 27 కిలోలు, బెల్టు బరువు కాకుండా. ఆ వెయ్యీ ఆగకుండా కాలిస్తే 50 సెకన్లు. అందుకే జర్మన్ దళంలో ఒక ఎంజీ చుట్టూ మిగతా అందరూ తూటాలు మోసేవాళ్లే. మన దగ్గరా నంబర్ వన్ కాలుస్తాడు, నంబర్ టూ బెల్టు పట్టి తూటాలు అందిస్తాడు. ఒంటరిగా తిరిగే మెషీన్ గన్నర్ అనేవాడు తెర మీదే ఉంటాడు.

రెండోది, బారెల్ వేడి. వరసగా 150 నుంచి 250 తూటాలు కాల్చాక బారెల్ మార్చాలి, లేకపోతే చెడిపోతుంది. ఎంజీ42లో ఇది అద్భుతంగా చేశారు. కుడి పక్కన గొళ్లెం తెరిస్తే బారెల్ వెనక భాగం బయటికి వస్తుంది, లాగి కొత్తది తోసి మూసేస్తే అయిపోయింది. చేయి తిరిగినవాడికి ఏడెనిమిది సెకన్లు చాలు. అయితే ఎర్రగా కాలిన బారెల్‌ను ఆస్బెస్టాస్ గుడ్డతో పట్టుకోవాలి, ఇంకో చేతిలో కొత్త బారెల్ ఉండాలి. చీకటి కాలువలో మోకాళ్ల దాకా నీళ్లల్లో నిలబడి, మందపు చేతి తొడుగులతో ఈ పని చేయడం ఊహించుకోండి. మాలాంటివాళ్లకు తెర మీద కనబడని కథ అది.

కవచం గురించి కూడా ఒక మాట. సోవియట్ సైన్యం ఎస్ఎన్-42 అనే ఉక్కు ఛాతీ కవచం నిజంగానే వాడింది. 2 మిల్లీమీటర్ల ఉక్కు, మూడున్నర కిలోలు. పిస్టల్, సబ్‌మెషీన్ గన్ తూటాలను, తునకలను ఆపేది. దగ్గరి నుంచి వచ్చే రైఫిల్ తూటాను ఆపలేదు. కాబట్టి పిస్టల్ తరహా తూటాలు కవచం మీద తగిలి పక్కకు పోవడం ఆ కాలపు ఉక్కుతో సాధ్యమే.

నన్ను కదిలించిన వివరం

ఎంజీ42లో ఒక్కొక్క తూటా కాల్చే ఏర్పాటు లేదు. ఎంజీ34కు రెండు భాగాల ట్రిగ్గర్ ఉండేది, పై భాగం నొక్కితే ఒకే తూటా, కింది భాగం నొక్కితే ధార. చవగ్గా, త్వరగా చేయడం కోసం ఎంజీ42లో అది తీసేశారు. వేలు ఎంత తేలిగ్గా తగిలించినా మూడు నాలుగు తూటాలు పోతాయి.

ఇది తెలిసి సినిమా మొదట్లోని కాలువ సన్నివేశం మళ్లీ చూడండి. బాంబు సంచీ పట్టుకున్న అమ్మాయి ఎదుట కథానాయకుడు ఫుసె నిలబడతాడు, కాల్చలేకపోతాడు. తర్వాత ఏమవుతుందో చూడనివాళ్ల కోసం వదిలేస్తాను. అతని చేతిలో ఉన్నది బెదిరించడానికి, గాయపరచడానికి, కాలి మీద కొట్టడానికి పనికొచ్చే ఆయుధం కాదు. ట్రిగ్గర్ అర సెకను నొక్కి ఉంచినా ఆ అమ్మాయి శరీరంలో పది రైఫిల్ తూటాలు దిగుతాయి. నొక్కకపోతే ఏమీ జరగదు. మధ్యలో ఇంకో దారి ఆ యంత్రంలోనే లేదు. ఒక పోలీసు దళానికి ఇలాంటి తుపాకి ఇచ్చిన ప్రభుత్వం ఎలాంటిదో నాకు అక్కడ అర్థమైంది.

నగరంలో పోలీసు పనికి ఇది ఎంత తప్పు ఆయుధమో ఇంకో కారణం కూడా ఉంది. పూర్తి శక్తి రైఫిల్ తూటా చెక్క గోడల్ని దాటి పక్కింట్లోకి పోతుంది. 1950ల టోక్యోలో ఇళ్లు ఎక్కువ భాగం చెక్కవే. వీధిలో ఒక్క బెల్టు కాలిస్తే ఎవరికి తగులుతుందో కాల్చినవాడికి కూడా తెలియదు. యుద్ధం తర్వాత ఈ తుపాకినే 7.62 నాటో తూటాకు మార్చి జర్మన్ సైన్యం ఎంజీ3 పేరుతో కొనసాగించింది. ఇటలీ వాళ్లు ఎంజీ42/59లో బరువైన బోల్ట్ పెట్టి వేగం 800 దాకా తగ్గించారు. సైన్యాలే ఈ వేగం ఎక్కువనుకుంటే పోలీసులకు ఎందుకు?

స్టుర్మ్‌గెవేర్ 44

దీని గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, ఎందుకంటే సినిమాలో బాగా నమ్మదగిన ఎంపిక ఇదే. హ్యూగో ష్మైసర్ హేనెల్ కంపెనీలో చేసిన రైఫిల్. 7.92×33 అనే పొట్టి తూటా, 30 తూటాల మ్యాగజైన్, నిమిషానికి 500 నుంచి 600 వేగం, ఒక్కొక్కటీ కాల్చవచ్చు, ధారగానూ కాల్చవచ్చు. ఈనాటి అసాల్ట్ రైఫిళ్లన్నిటికీ పెద్దన్న. ఖాళీగా నాలుగున్నర కిలోలు దాటుతుంది, నిండు మ్యాగజైన్‌తో ఐదు కిలోల పైచిలుకు. మన సైన్యం వాడిన ఇన్సాస్ రైఫిల్ మోసినవాళ్లకు ఇది బరువే.

ఇది పోలీసుల చేతిలో ఉండటం ఊహ కూడా కాదు. తూర్పు జర్మనీ పోలీసులు 1960ల మొదటి దాకా నిజంగానే ఈ రైఫిల్‌ను వాడారు. యుగోస్లావియా పారాట్రూపర్లు ఇంకా చాలాకాలం వాడారు. ఫుసె చేతిలో ఎంజీ42 బదులు ఇదే ఉండి ఉంటే ఆ కాలువ సన్నివేశం వేరేగా ఉండేది.

ఇక మౌజర్

1896లో వచ్చి 1937 దాకా తయారైన పిస్టల్. 7.63×25 తూటా, ట్రిగ్గర్ ముందు భాగంలో పది తూటాల గూడు, పై నుంచి క్లిప్‌తో నింపాలి. చెక్క తొడుగును పిడి వెనక తగిలిస్తే అదే బట్ అవుతుంది, పిస్టల్ కాస్తా చిన్న కార్బైన్‌లా భుజానికి ఆనుతుంది. చూడగానే గుర్తుపట్టే ఆకారం.

కోత్ లెక్క ప్రకారం చూస్తే ఇది ఇబ్బందే. ఒకే దళంలో 7.92×57, 7.92×33, 7.63×25 అని మూడు రకాల తూటాలు. స్టోర్ కీపర్ తల పట్టుకుంటాడు. 1950లలో జర్మన్ ఆయుధాలు వాడే పోలీసుల దగ్గర వాల్తర్ పీ38 లాంటి 9 ఎంఎం పిస్టల్ ఉండటం మామూలు. మౌజర్‌ను ఎంచుకున్నది ఎక్కువగా దాని రూపం కోసమేనని నా అభిప్రాయం.

అయినా పూర్తిగా తోసిపుచ్చను. ఈ పిస్టల్ చైనాలో విపరీతంగా చలామణీ అయింది. అక్కడే నకళ్లు చేశారు, షాన్‌షీలో అయితే .45 తూటాతో పెద్దది చేశారు. చైనా యుద్ధంలో అవి పెద్ద సంఖ్యలో జపాన్ సైనికుల చేతికి చిక్కాయి. అంటే జర్మనీ ఆక్రమణ లేకపోయినా జపాన్‌కు మౌజర్ పరిచయమే.

మన దేశంలో దీనికో గౌరవమైన చోటుంది, ఈ సందర్భంలో చెప్పకుండా ఉండలేను. 1914 ఆగస్టు 26న కలకత్తాలో రొడ్డా కంపెనీకి ఓడలో వచ్చిన సరుకులోంచి విప్లవకారులు 50 మౌజర్ పిస్టళ్లు, 46,000 తూటాలు ఎత్తుకుపోయారు. తర్వాత బెంగాల్‌లో జరిగిన ఎన్నో దాడుల్లో అవే కనిపించాయి. 1915 సెప్టెంబరులో ఒడిశాలోని బాలాసోర్ దగ్గర బెంగాలీ విప్లవ నాయకుడు బాఘా జతిన్, అతని నలుగురు సహచరులు పోలీసుల రైఫిళ్లకు ఎదురు నిలిచింది ఈ మౌజర్లతోనే. చెక్క తొడుగు తగిలిస్తే పిస్టల్ కూడా కొంత దూరం కాల్చగలదు, పంచె కట్టు మాటున దాగుతుంది. దొరల బందూకులు లేనివాడికి అంతకన్నా ఏం కావాలి?

మీరు కూడా ఇలాంటి ప్రత్యామ్నాయ చరిత్ర కథ రాసే ఆలోచనలో ఉన్నట్టు ప్రశ్న చివర్లో రాశారు. నా సలహా ఒక్కటే. పాత్రకు తుపాకి ఇచ్చే ముందు ఆ ఊళ్లో తూటాలు చేసే ఫ్యాక్టరీ ఎక్కడుందో, దాని యజమాని ఎవరో రాసుకోండి. తర్వాత సినిమాలో బెల్టు ఎటు కదులుతుందో ఆపి ఆపి చూడండి. ఎంజీ42లో నిండు బెల్టు ఎడమ నుంచి లోపలికి వెళ్తుంది, ఖాళీ ఖోకాలు (కాలిన తూటా తొడుగులు) కిందికి రాలతాయి. బెల్టు మాత్రం మన ఎంఎంజీ లింకుల్లా విడివిడిగా రాలిపోదు, ఖాళీగా కుడి పక్కన వేలాడుతుంది. కాల్పుల సన్నివేశం రాసేటప్పుడు ఇంత చిన్న వివరం కూడా తెలిసినవాళ్ల కంట పడుతుంది. మీ కథ ఏ దేశంలో, ఏ ఏడాదిలో నడుస్తుందో కింద రాయండి, ఏ తుపాకి నప్పుతుందో విడిగా చెబుతాను.